బొగ్గుల పెట్టె, తెల్ల చొక్కా

పెళ్ళిళ్ళ ఫోటోగ్రాఫర్‌కి మూఢం వచ్చిందంటే పని ఉండదు. దానికి తోడు ఆషాఢం. కొత్త అడ్వాన్సులు రావు, పాత ఆల్బమ్‌ల బాకీలూ వసూలు కావు. హైదరాబాద్ నల్లకుంటలో మా గల్లీ మలుపు దగ్గర, వేపచెట్టు కింద ఒక ఇస్త్రీ బండి ఉంది. ఖాళీ దొరికినప్పుడల్లా కెమెరా పట్టుకుని అక్కడికి పోవడం నాకు అలవాటైంది. బండి నడిపేది జనగామ వైపు నుంచి వచ్చిన ఒకావిడ. చిన్నా పెద్దా అందరికీ ఆమె 'ఇస్త్రీ అక్క'. నాకూ అక్కే.

వీధిలో పనిచేసుకునే మనిషి రోజువారీ బతుకును ఫోటోలు తీయాలని ఈమధ్య చాలామంది కుర్రాళ్ళకు సరదా పుట్టింది. ఏ కెమెరా కొనాలన్నా, ఏ లెన్స్ మంచిదన్నా అని నన్ను అడుగుతుంటారు. మీ జేబులో ఉన్న ఫోను చాలు అంటాను. నమ్మరు. కానీ ఆ ఫోటో ఎవరి కోసం, అందులో ఆ మనిషి ఎట్లా కనబడాలో ఎవరు తేల్చాలి అని మాత్రం ఒక్కరూ అడగరు. నాకు ఆ సంగతి నేర్పింది ఇస్త్రీ అక్కే.

మొదట అడిగినప్పుడు ఆమె నవ్వింది. "నా ఫోటో ఏం జేస్కుంటవ్ తమ్మీ? పెళ్ళిపిల్లలు దొరుకుతలేరా?" అంది. కాసేపటికి తనే, "తీస్తే గీస్తే పాస్‌పోర్ట్ సైజుది తీసియ్యి. లోన్‌కి పెట్టేదుంది" అంది. వెనకాల తెల్లగా ఉండాలని ఆమెకు తెలుసు. అప్పుడే ఇస్త్రీ చేసిన తెల్ల దుప్పటి ఒకటి తీసి బండి కప్పుకి వేలాడదీసింది. ఆ దుప్పటి ఎవరింటిదో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు, ఇద్దరం మాట్లాడలేదు. కొంగు సర్దుకుని, గడ్డం కాస్త పైకెత్తి, రెప్ప కొట్టకుండా నిలబడింది. నేను ఆమెకు తీసిన మొదటి ఫోటో అదే.

ఆ లోన్ సంగతి కొంచెం చెప్పాలి. సరుకు అమ్మేవాళ్ళే కాదు, వీధిలో ఏదో ఒక సేవ చేసి బతికేవాళ్ళు కూడా వీధి వ్యాపారులే అని 2014లో వచ్చిన వీధి వ్యాపారుల చట్టం చెబుతుంది. తోపుడు బండి మీద కూరగాయలు అమ్మేవాళ్ళకు ఎంత హక్కుందో, చెట్టు కింద చెప్పులు కుట్టేవాళ్ళకూ ఇస్త్రీ చేసేవాళ్ళకూ అంతే ఉంది. మున్సిపాలిటీ సర్వే చేసి వాళ్ళకు పత్రాలివ్వాలి. సర్వే పూర్తయి పత్రాలు చేతికొచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. కరోనా కాలంలో, 2020 జూన్‌లో, కేంద్రం పీఎం స్వనిధి పథకం పెట్టి మొదటి విడతగా 10,000 రూపాయల దాకా పూచీకత్తు లేకుండా అప్పు ఇప్పించింది. ఆ జాబితాలో లాండ్రీ పనివాళ్ళూ ఉన్నారు. కాగితం మీద ఇంత బలం ఉంది. ఫుట్‌పాత్ మీద మాత్రం రోడ్డు కొలిచేవాళ్ళ టేపు ఎటు పోతే అటు, అపార్ట్‌మెంట్ సంఘం పెద్దల మనసు ఎట్లుంటే అట్లా. అందుకే ఆమె లెక్కలో ఫోటో అంటే ముందు కార్డు మీద అంటించే ముఖం. కళా గిళా ఆ తర్వాత.

పాస్‌పోర్ట్ ఫోటో ఇచ్చాక చాలా రోజులు నేను బండి దగ్గర స్టూలు మీద కూర్చుని చాయ్ తాగడమే ఎక్కువ, తీసింది తక్కువ. ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. అమెరికా ఫోటోగ్రాఫర్ యూజీన్ స్మిత్ 1948లో కొలరాడో రాష్ట్రంలోని క్రెమ్లింగ్ అనే చిన్న ఊళ్ళో ఎర్నెస్ట్ సెరియాని అనే డాక్టర్ వెంట 23 రోజులు తిరిగాడు. 'లైఫ్' పత్రికలో వచ్చిన 'కంట్రీ డాక్టర్' అట్లా పుట్టింది. ఒక మనిషి పనిని ఫోటోలతో కథగా చెప్పడం ఎట్లాగో ఇవాళ్టికీ దాన్ని చూపించే నేర్పుతారు. డాక్టర్‌కు కెమెరా చప్పుడు అలవాటు కావాలని స్మిత్ మొదట్లో ఫిల్మ్ వేయకుండానే మీట నొక్కేవాడని అంటారు. మనకు ఫిల్మ్ ఖర్చు తప్పింది, దాంతోపాటు ఆ ఓపికా తప్పిపోయింది.

ఊరికే కూర్చుంటే ముందు తెలిసేది ఆ పని గడియారం. తెల్లారి ఆరింటికి అక్క పెట్టె మూత తెరిచి నిన్నటి బూడిద దులుపుతుంది. ఇనప పెట్టె, ఆరేడు కిలోల బరువు, చెక్క పిడి. కాగితాలూ కొబ్బరి పీచూ కింద పెట్టి, పైన బొగ్గులు పోసి అంటించి, అట్టముక్కతో విసురుతుంది. నిప్పులు ఎర్రబడేదాకా ఆ పక్కకు ఎవరూ రారు, కళ్ళు మండుతాయి. ఆ టైములో ఆమె భర్త అపార్ట్‌మెంట్‌లకు పోయి మూటలు తెస్తాడు. రాజుకున్నాక పెట్టెను చేత్తో ఎత్తి ముందుకూ వెనక్కూ ఊపుతుంది. బూడిద రాలి, పక్కన ఉన్న బెజ్జాల్లోంచి గాలి దూరి, లోపల నిప్పు మళ్ళీ అందుకుంటుంది.

కరెంటు పెట్టెకున్నట్టు దీనికి వేడి తగ్గించే మీట లేదు. తడిగుడ్డ మీద ఒకసారి రుద్దుతుంది, చుయ్యిమనే చప్పుడును బట్టి లెక్క. బాగా కాలి ఉన్నప్పుడు కాటన్ చొక్కాలు, ఖద్దరు, గంజి పెట్టిన చీరలు. కొంచెం జోరు తగ్గాక ప్యాంట్లు, పాలిస్టర్, స్కూలు యూనిఫాంలు. పట్టు చీర అన్నింటికన్నా ఆఖరున, అదీ పైన పల్చటి గుడ్డ వేసి. మళ్ళీ బొగ్గు పోస్తే మళ్ళీ కాటన్‌తో మొదలు. ఈ వరస పట్టుబడ్డాక ఫోటో తీసేవాడికి సగం పని తేలిక. తెల్లవి ఎప్పుడొస్తాయో, రంగులు ఎప్పుడొస్తాయో, ఆమె ఎప్పుడు తలెత్తి నడుం సాగదీస్తుందో ముందే తెలిసిపోతుంది.

చొక్కాకూ ఒక వరస ఉంది. కాలర్, భుజం, చేతులు, ఆ తర్వాత ఒళ్ళు. ఎడమచేయి గుడ్డను లాగి పట్టి ఉంచుతుంది, కుడిచేయి పెట్టెను నడుపుతుంది. చూసేవాళ్ళు కుడిచేతినే చూస్తారు. నేర్పంతా ఎడమచేతిలో ఉంది. గుండీల మధ్య పెట్టె మొన తిరిగేటప్పుడు ఆ ఎడమచేతి వేళ్ళు నిప్పుకి అరంగుళం దూరంలో ఉంటాయి, ఒక్కసారీ తగలవు. నా దృష్టిలో ఈ బండి దగ్గర తీయాల్సిన మొట్టమొదటి ఫోటో ఆ ఎడమచేయి. ముఖం మీద చెమట, మసి, అలసట తీయడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. అవి కనబడగానే మనకు జాలి పుడుతుంది, జాలితో ఫోటో బాగుందనిపిస్తుంది. ఆమెకు వచ్చిన విద్య మాత్రం ఆ ఫోటోలో ఉండదు.

ఇక వెలుతురు. బండి మీద నీలం టార్పాలిన్. దాని కింద తెల్ల చొక్కా నీలం చొక్కా అవుతుంది, అక్క ముఖం పాలిపోయినట్టు వస్తుంది. అక్కడే ఉన్న తెల్ల దుప్పటిని చూపించి కెమెరాలో వైట్ బ్యాలెన్స్ సరిచేసుకుంటే ఈ బాధ తీరుతుంది. ఫోన్లో అయితే ప్రో మోడ్‌లో ఆ మీట దొరుకుతుంది. ఇంకో చిక్కు, కెమెరాకు తెలుపు అంటే పడదు. బల్ల నిండా తెల్లబట్టలుంటే వెలుతురు ఎక్కువైందనుకుని అన్నింటినీ బూడిద రంగుకు దించేస్తుంది. దాంతో నీడలో ఉన్న ముఖం ఇంకా నల్లబడుతుంది. తెర మీద ముఖం ఉన్నచోట వేలు అదిమి పట్టి వెలుతురును లాక్ చేసి, పక్కన కనబడే సూర్యుడి గుర్తును కొంచెం పైకో కిందికో జరపండి. మరీ పైకి జరిపితే చొక్కా తెల్లటి మచ్చగా మిగులుతుంది. ఇస్త్రీ ఫోటోలో ముడత కనబడకపోతే ఇంకేం కనబడినట్టు?

పొద్దున ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఎండ టార్పాలిన్ కిందికి ఏటవాలుగా దూరుతుంది. నీళ్ళు చిలకరించినప్పుడు చుక్కలు, పెట్టె ఆనగానే లేచే ఆవిరి, రెండూ అప్పుడే బాగా పడతాయి. సూర్యుడికి ఎదురుగా నిలబడాలి, ఆవిరి వెనకాల ముదురు రంగు గోడ ఉండాలి. లేకపోతే ఆవిరి ఉన్నట్టే తెలియదు. షట్టర్‌ను సెకనులో పదిహేనో వంతుకు తగ్గించి, కెమెరాను బండి కమ్మీకి ఆనించి తీస్తే, పెట్టె నడిచిన దారి చారగా వస్తుంది, ముఖం స్థిరంగా ఉంటుంది. ఫోను మామూలు లెన్స్ చాలా వెడల్పు. మరీ దగ్గరకు పోతే ముక్కు పెద్దదై మనిషి మారిపోతుంది. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ పెట్టుకోవడం మంచిది.

నలుపు తెలుపు చేసేస్తే నీలం గొడవే ఉండదు కదా అని నా దగ్గర పనిచేసే కుర్రాడు అన్నాడు. నేను ఒప్పుకోలేదు. అక్క ఏదీ రాసి పెట్టుకోదు. ఏ మూట ఎవరిదో ఆ మూట కట్టిన గుడ్డను బట్టి చెబుతుంది. పసుప్పచ్చ పాత చీర మూడో అంతస్తు టీచరమ్మది, పూల దుప్పటి మెడికల్ షాపాయనది, ఎర్ర లుంగీ బ్యాచిలర్ రూముది. పాతకాలం చాకలి పద్దుకీ, బట్టల మీద నల్లజీడితో పెట్టిన గుర్తులకీ బదులు ఇవాళ ఆమెకు ఈ రంగులే లెక్కల పుస్తకం. ఫోటోలో రంగు తీసేస్తే ఆ పుస్తకాన్ని చించేసినట్టే. బండి కింద ఒక రేకు డబ్బా కూడా ఉంటుంది. జేబుల్లో దొరికిన చిల్లర, బస్సు పాసులు, తాళంచెవులు, ఒకసారి ఎవరిదో ఉంగరం. అన్నీ అడిగినవాళ్ళకు తిరిగి ఇస్తుంది. ఆ డబ్బా ఫోటో నాకు చాలా ఇష్టం, అందులో మనిషెవరూ లేకపోయినా.

మన దేశంలో పనివాళ్ళను కెమెరా ముందు నిలబెట్టిన చరిత్ర అంత ముచ్చటైనది కాదు. 1857 తిరుగుబాటు చూశాక బ్రిటిష్ ప్రభుత్వం తాను ఏలుతున్న జనాన్ని కులాలుగా తెగలుగా విడదీసి, 1868 నుంచి 1875 దాకా 'ది పీపుల్ ఆఫ్ ఇండియా' అని ఎనిమిది సంపుటాలు వేసింది. నాలుగు వందల పైచిలుకు ఫోటోలు. చాలావాటి కింద మనిషి పేరుండదు, కులం పేరుంటుంది. ఆ తర్వాత ధోబీ, నీళ్ళు మోసే భిస్తీ అంటూ పోస్టుకార్డులు అచ్చేసి తెల్లదొరలు తమ దేశానికి పంపుకున్నారు. మా హైదరాబాద్‌లో రాజా దీన్‌దయాళ్ ఆరో నిజాం దర్బారునూ నవాబులనూ అద్భుతంగా తీశాడు. ఆ ఫోటోలు చూస్తే నాకు ముందు కనబడేది షేర్వానీల మడతలే. ఎవరో ఒకరు బొగ్గుల పెట్టెతో గంటలు కష్టపడి ఉంటేనే ఆ మడత అట్లా నిలబడుతుంది.

ఇదంతా అక్కకు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం లేకుండానే ఒకరోజు ఆమె తేల్చేసింది. నేను తీసిన ఫోటోలు ఫోన్లో వరసగా చూసి, ఎడమచేయి ఫోటో దగ్గర మాత్రం "ఇది బాగొచ్చింది" అంది. మిగతావి పక్కకు నెట్టేసింది. "బొగ్గు మొకంతోటి నన్ను ఎవలు సూస్తరు? ఆయితారం రా, మంచిగ తయారై ఉంట" అని చెప్పింది. ఆదివారం ఆకుపచ్చ పట్టు చీరలో, జడలో పూలతో వచ్చింది. భర్త తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. చొక్కా చేతుల మడతకు వేలు తగిలితే తెగేట్టుంది. బండి ముందు భాగంలో అతికించిన చాకలి ఐలమ్మ బొమ్మ కూడా పడాలని పట్టుబట్టింది. పాలకుర్తిలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంటను తాను నిలబెట్టుకున్న ఐలమ్మ రజకులకు ఇంటి పెద్ద. ఏటా సెప్టెంబర్ 26న ఆమె జయంతి వస్తే అక్క బండికి బంతిపూల దండ కడుతుంది. కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఐలమ్మ పేరు పెట్టారు. "మా ఐలమ్మ కాలేజీ" అంటుంది, ఆ గేటు లోపలికి తను ఎప్పుడూ పోకపోయినా.

అసలు ఫోటో అది కాదు, పనిలో ఉన్నప్పటిదే నిజం అని మా వృత్తిలో చాలామంది అంటారు. ఇర్వింగ్ పెన్ అనే అమెరికన్ 1950, 51లో పారిస్, లండన్, న్యూయార్క్ వీధుల్లోని పనివాళ్ళను పనిబట్టల్లో, పనిముట్లతో సహా స్టూడియోకి రమ్మన్నాడు. ఎంత చెప్పినా న్యూయార్క్‌లో కొందరు శుభ్రంగా తయారై సూట్లు వేసుకుని వచ్చేశారని ఆయనే చెప్పాడు. పెన్‌కి అది తలనొప్పి అయి ఉండొచ్చు, నాకు మాత్రం ఆ వచ్చినవాళ్ళే నచ్చారు. డొరొతియా లాంగ్ 1936లో తీసిన 'మైగ్రెంట్ మదర్' ప్రపంచమంతా తిరిగింది. అందులోని తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫోటో వల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె బాధపడింది. పేదరికానికి గుర్తుగా ఆ ముఖాన్ని నలభై ఏళ్ళకు పైగా వాడుకున్నారు, పేరు అడగడానికి అంతకాలం పట్టింది. అందుకే అక్క ఆదివారం ఫోటోను, ఎడమచేయి ఫోటోను నేను పక్కపక్కనే పెడతాను. ఒకదాన్ని నేను ఎంచుకున్నాను, ఇంకోదాన్ని ఆమె ఎంచుకుంది. రెండూ నిజమే.

ఈ దారిలో నడిచినవాళ్ళు మన దగ్గరా ఉన్నారు. ముంబై పారిశుధ్య కార్మికుల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన సుధారక్ ఓల్వే, తమిళనాడులో మురుగు కాలువల్లో దిగేవాళ్ళను తీసిన పళని కుమార్, పల్లెల్లో ఆడవాళ్ళ చాకిరీని ఫోటో ప్రదర్శనగా చేసిన సాయినాథ్, తెలుగులో 'సామాన్యశాస్త్రం' అంటూ మామూలు మనుషుల వెంట తిరిగే కందుకూరి రమేష్ బాబు. వీళ్ళ పని చూస్తే కెమెరా గురించి కన్నా మనిషి పక్కన కూర్చోవడం గురించి ఎక్కువ తెలుస్తుంది.

జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి, అవి ఎవరూ చెప్పరు. బల్ల మీదున్న బట్టలు ఆమెవి కావు. ఫలానా ఇంటి రవికె, ఫలానా ఆయన కాలర్ చిరుగు ఫోటోలో గుర్తుపట్టారంటే గొడవ మీకు కాదు, ఆమెకు. ఫ్లాట్ నంబరు రాసిన చీటీలు కనబడకుండా చూసుకోండి. గల్లీ పేరూ మ్యాప్ గుర్తూ పెట్టి ఫోటోను లోకం మీదికి వదలకండి. ఫుట్‌పాత్ మీద బండి ఉందని ఫిర్యాదు రాసేవాళ్ళకు మీ అందమైన ఫోటోయే సాక్ష్యమవుతుంది. నేను కూడా ఇక్కడ ఆ మలుపు ఏదో చెప్పనిది అందుకే. నల్లకుంటలో వేపచెట్లు చాలానే ఉన్నాయి.

బండి కూడా మారిపోతోంది. పక్క గల్లీలో ఇప్పటికే గ్యాస్ ఇస్త్రీ పెట్టె వచ్చింది, సన్నటి పైపుతో సిలిండర్‌కి తగిలించి ఉంటుంది, పొగ లేదు, బూడిద లేదు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, ధోబీఘాట్‌లకు నెలకు 250 యూనిట్ల దాకా కరెంటు ఉచితం అంది. చెట్టు కింది బండికి మీటరు ఎవరు బిగిస్తారు? తిరువణ్ణామలైకి చెందిన వినీషా ఉమాశంకర్ అనే స్కూలు పిల్ల సోలార్ ఇస్త్రీ బండి తయారుచేసి, 2021లో గ్లాస్గో వాతావరణ సదస్సులో మాట్లాడి వచ్చింది. ఆ బండి మా గల్లీ దాకా రాలేదు. నా పెళ్ళిళ్ళలోనేమో పెళ్ళికూతురి చీర కుచ్చిళ్ళు ముందే పెట్టి ఇస్త్రీ చేసి పెట్టెలో మడిచి ఇచ్చే 'ప్రీ ప్లీటింగ్' అని కొత్త వ్యాపారం వచ్చింది, చీరకు వందల్లో తీసుకుంటారు. చొక్కాకు పది రూపాయలు తీసుకునే అక్క చేతుల్లో ఉన్నది ఆ విద్యే. ఆ సంగతి ఆమెతో అంటే, "ఏసీ ఉంటే నేనూ అంత తీస్కుంటుంటి" అంది.

మీ గల్లీలోనూ ఎవరో ఒకరు ఉంటారు. చెప్పులు కుట్టే తాత, కత్తులకు సానపట్టే ఆయన, కొబ్బరి బోండాలు కొట్టే అవ్వ. ముందు పేరు అడగండి, తర్వాత ఫోటో అడగండి. వద్దంటే వద్దు. తీశాక ఫోన్లో చూపించి ఊరుకోకండి, ప్రింటు వేయించి, వెనకాల తేదీ రాసి చేతికివ్వండి. నాలుగు బై ఆరు సైజుకి పెద్ద ఖర్చేమీ కాదు. ఒకటి గుర్తుపెట్టుకోండి, గ్లాసీ కాగితం వద్దు, మ్యాట్ అడగండి. బొగ్గు ముట్టిన వేళ్ళ ముద్రలు గ్లాసీ మీద వెంటనే పడతాయి.